పాఠం 14: పక్షవాతం తరువాత మళ్ళీ నడక

14.0 పరిచయం

మంచం మీదినుంచి లేచి నాలుగడుగులు వేసి గుమ్మం దాకా వెళ్ళటం మనకు చాలా మామూలు పని. ఆ పనిలో ఎన్ని కండరాలు, ఎన్ని నరాలు, మెదడులో ఎన్ని భాగాలు పాలుపంచుకుంటాయో మనం ఎప్పుడూ ఆలోచించం. పక్షవాతం వచ్చినప్పుడు మాత్రమే నడక ఎంత క్లిష్టమైన పనో తెలిసివస్తుంది.

ఈ మధ్య పక్షవాత రోగుల నడకను మెరుగుపరచటానికి రెండు రకాల పరికరాల గురించి తరచుగా వింటున్నాం. ఒకటి, తలపై నుంచి మెదడుకు స్వల్ప విద్యుత్తును గానీ అయస్కాంత శక్తిని గానీ అందించే పరికరం. రెండు, కాలికి కట్టుకుంటే నడకను కొలిచే సెన్సర్. ఇవి ఎలా పనిచేస్తాయి? వీటితో ఎంత మేలు జరుగుతుంది? ఇవి అందుబాటులో లేనివాళ్ళు ఏం చేయాలి? ఈ పాఠంలో ఈ మూడు ప్రశ్నలకు జవాబులు తెలుసుకుందాం.

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– పక్షవాతం వల్ల నడక ఎందుకు చెడుతుందో వివరించగలుగుతారు;
– మెదడుకు ప్రేరణ ఇచ్చే రెండు పద్ధతులను గుర్తించగలుగుతారు;
– నడక సెన్సర్లు ఏయే విషయాలను కొలుస్తాయో చెప్పగలుగుతారు;
– సుద్దముక్క, గడియారం సాయంతో నడక వేగాన్ని లెక్కకట్టగలుగుతారు;
– పరికరాల గురించి చెప్పే మాటల్లో నిజమెంతో విచారించగలుగుతారు.

14.2 ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక ఇల్లు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పెద్ద రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు ఏర్పడ్డాయి. రైల్వే పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. రైల్వే క్వార్టర్లున్న పేటల్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ ఒకటి. ఈ ఊళ్ళో తెలుగు మాట వినపడని వీధి అరుదు.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఇంటి పెద్ద వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 64 ఏళ్ళు. ఒకనాటి ఉదయం పళ్ళు తోముకుంటూ ఉండగా కుడి చేయి జారిపోయింది, మూతి వంకర పోయింది, మాట ముద్దగా వచ్చింది. ఇంట్లోవాళ్ళు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ప్రాణాపాయం తప్పింది. మూడు వారాలకు ఇంటికి వచ్చారు. కానీ కుడికాలు ఈడుస్తున్నారు. పాదం ముందుభాగం నేలకు తగులుతున్నది. మాతాపూజ నాటికి గుడిదాకా తన కాళ్ళతో తాను నడిచి వెళ్ళాలని ఆయన కోరిక.

ఒకరోజు ఒక పరిచయస్తుడు వచ్చి, "తలకు కరెంటు పెట్టే మిషను ఉందట. పది రోజులు పెడితే లేచి నడిచేస్తారట. కాస్త ఖరీదు ఎక్కువ" అన్నాడు. భార్య మెడలోని గొలుసు వైపు చూసుకుంది. కూతురు మాత్రం, "ఉండమ్మా, ముందు అదేమిటో తెలుసుకుందాం" అంది.

ఆమెతో పాటు మనమూ తెలుసుకుందాం.

14.3 పక్షవాతంలో ఏం జరుగుతుంది?

మెదడుకు నిరంతరం రక్తం అందాలి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, రక్తనాళం చిట్లినా మెదడులో ఆ భాగానికి ప్రాణవాయువు అందదు. అక్కడి కణాలు చనిపోవటం మొదలవుతుంది. దీనినే పక్షవాతం అంటాం. ఎక్కువ కేసుల్లో కారణం గడ్డ అడ్డుపడటమే. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక పరిశోధకుడు లెక్కకట్టాడు.

అందుకే పక్షవాతంలో కాలం చాలా విలువైనది. గడ్డను కరిగించే ఇంజక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. అదికూడా స్కానింగు చేసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకున్న తరువాతే ఇస్తారు. మూతి వంకర, చేయి పడిపోవటం, మాట తడబడటం – వీటిలో ఏ ఒక్కటి అకస్మాత్తుగా కనిపించినా వెంటనే స్కానింగు సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. పసరు తాగించటం, పావురం రక్తం పూయటం వంటివి చేస్తూ కూర్చుంటే ఈ కాలం కాస్తా చేజారిపోతుంది.

మెదడు ఎడమభాగం శరీరంలో కుడివైపును, కుడిభాగం ఎడమవైపును కదిలిస్తుంది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే నరాల్లో ఎక్కువభాగం మెదడు అడుగున ఒకవైపు నుంచి మరొక వైపుకు దాటుతాయి. కనుక మన ఉదాహరణలోని పెద్దాయనకు దెబ్బ తగిలింది మెదడు ఎడమభాగంలో. కాలి కండరాలు చెడిపోలేదు. వాటికి ఆజ్ఞలు మోసుకుపోయే దారి తెగింది.

రైల్వే ఊరివాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఇంజను బాగానే ఉంది, బండి బాగానే ఉంది. సిగ్నలు తీగ తెగింది. సిగ్నలు పడకపోతే బండి కదలదు.

14.4 మెదడు మళ్ళీ నేర్చుకుంటుంది

చనిపోయిన నాడీకణాలు తిరిగి బతకవు. అయినా చాలామంది పక్షవాత రోగులు మళ్ళీ నడుస్తున్నారు. ఎలా?

దెబ్బతిన్న చోటు చుట్టూ ఉన్న కణాలు, మెదడులోని ఇతర భాగాలు కొంతవరకు ఆ పనిని తమ మీద వేసుకుంటాయి. కణాల మధ్య కొత్త సంబంధాలు ఏర్పడతాయి. ఉన్న సంబంధాలు బలపడతాయి. మెయిన్ లైను మూసుకుపోయినప్పుడు బండ్లను మరో లైను మీదుగా మళ్ళించటం వంటిది ఇది. మొదట్లో బండ్లు నెమ్మదిగా, ఆగి ఆగి నడుస్తాయి.

అయితే ఒక తేడా ఉంది. రైలు మార్గాన్ని మనుషులు వేస్తారు. మెదడులో కొత్త దారిని వాడకమే వేస్తుంది. ఒక కదలికను ఎన్నిసార్లు, ఎంత శ్రద్ధగా ప్రయత్నిస్తే ఆ దారి అంత గట్టిపడుతుంది. వాడని దారి గడ్డి మొలిచి మూసుకుపోతుంది.

ఈ కోలుకోవటం మొదటి మూడు నెలల్లో వేగంగా సాగుతుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది కానీ పూర్తిగా ఆగదు. ఏడాది దాటిన తరువాత కూడా సాధనతో నడక మెరుగైనవాళ్ళు ఉన్నారు. "ఆరు నెలలు దాటింది, ఇక లాభం లేదు" అని సాధన మానుకోవటం పొరపాటు.

అలాగని తొందరపడటం కూడా మంచిది కాదు. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపలే రోగులను లేపి, తరచుగా, ఎక్కువసేపు నడిపించటం గురించి పెద్ద పరిశోధన ఒకటి జరిగింది. దాని ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అలా చేసినవారు మామూలు పద్ధతిలో చికిత్స పొందినవారికంటే తక్కువగా కోలుకున్నారు. ఎప్పుడు లేపాలో, ఎంత నడిపించాలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి.

పాఠ్యగత ప్రశ్నలు – 1
1. మెదడు ఎడమభాగం దెబ్బతింటే శరీరంలో ఏ వైపు చచ్చుబడుతుంది?
2. గడ్డ కరిగించే ఇంజక్షను సాధారణంగా ఎంత కాలం లోపల ఇవ్వాలి?
3. మెదడులో కొత్త దారులు దేనివల్ల గట్టిపడతాయి?

14.5 మెదడుకు ప్రేరణ ఇవ్వటం

నాడీకణాలు ఒకదానితో ఒకటి విద్యుత్ సంకేతాలతోనూ, రసాయనాలతోనూ మాట్లాడుకుంటాయి. కనుక బయటినుంచి విద్యుత్తుతో వాటిని ప్రభావితం చేయవచ్చునా అన్న ఆలోచన శాస్త్రజ్ఞులకు వచ్చింది. పుర్రెను తెరవకుండా దీనిని చేయటానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి.

(అ) అయస్కాంత ప్రేరణ: 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కరు, ఆయన సహచరులు దీనిని చేసి చూపించారు. తీగచుట్టను తలకు దగ్గరగా ఉంచి, అందులోనుంచి క్షణకాలం బలమైన విద్యుత్తును పంపుతారు. దానివల్ల పుట్టిన అయస్కాంత క్షేత్రం పుర్రె గుండా లోపలికి పోయి, మెదడు పై పొరలో చిన్న విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది. చేతిని కదిలించే భాగం మీద పెడితే రోగి ప్రయత్నం లేకుండానే వేలు టక్కున కదులుతుంది. మెదడు నుంచి కండరానికి దారి ఎంతవరకు మిగిలి ఉన్నదో తెలుసుకోవటానికి కూడా ఇది పనికివస్తుంది.

(ఆ) స్వల్ప విద్యుత్ ప్రేరణ: పరిచయస్తుడు చెప్పిన "కరెంటు మిషను" బహుశా ఇదే. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో మైకేల్ నిట్షే, వాల్టర్ పౌలుస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ముఖ్యమైన విషయాన్ని ప్రకటించారు. ఉప్పునీటిలో తడిపిన స్పాంజి పలకలు రెండింటిని తలపై ఉంచి కొద్ది నిమిషాలపాటు 1 మిల్లీ ఆంపియరు నేరు విద్యుత్తును పంపారు. కదలికలను నడిపించే భాగం చురుకుదనం మారింది. విద్యుత్తు ఆపిన తరువాత కూడా ఆ మార్పు కొన్ని నిమిషాలు నిలిచింది. ధన పలక కింద చురుకుదనం పెరిగింది, ఋణ పలక కింద తగ్గింది.

చికిత్సలో సాధారణంగా 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును 20 నిమిషాలపాటు ఇస్తారు. పాతకాలపు టార్చిలైటు బల్బు తీసుకునే విద్యుత్తులో ఇది సుమారు నూరోవంతు. అందులోనూ చాలాభాగం తలచర్మం గుండానే పోతుంది. కొంత మాత్రమే మెదడును చేరుతుంది. రోగికి చర్మం చిమచిమలాడినట్లు ఉంటుంది, అంతే.

ఇక్కడ ఒక విషయాన్ని బాగా గమనించండి. ఈ స్వల్ప విద్యుత్తు కాలిని కదిలించదు, కొత్త దారిని వేయదు. నాడీకణాలను కాస్త సిద్ధంగా ఉంచుతుంది. విత్తనం వేయటానికి ముందు నేలను తడిపినట్లు అనుకోండి. నేల తడిపి విత్తనం వేయకపోతే ఏమీ మొలవదు. ఆ విత్తనం సాధన. అందుకే పరిశోధనల్లో ఈ ప్రేరణను నడక సాధనతో కలిపి ఇస్తారు.

కాలి విషయంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. చేతిని కదిలించే భాగం మెదడు పై ఉపరితలం మీద ఉంటుంది. కాలిని కదిలించే భాగం రెండు అర్ధగోళాల మధ్య చీలికలో, లోపలివైపు ఉంటుంది. అక్కడికి విద్యుత్తును సరిగా చేర్చటం కష్టం. అందువల్ల కొందరు పరిశోధకులు తల వెనుక భాగంలో ఉండే చిన్నమెదడు మీద దృష్టి పెట్టారు. శరీరం తూగును, అడుగుల లయను సరిచూసేది చిన్నమెదడు. మన దేశంలో గాంధీనగర్ ఐఐటీకి చెందిన ఉత్తమా లాహిరి, ఆమె సహ పరిశోధకులు 2021లో ఇటువంటి అధ్యయనాన్ని ప్రచురించారు. పక్షవాతం వచ్చి చాలాకాలమైన కొద్దిమందికి చిన్నమెదడు ప్రేరణ ఇచ్చి నడకలో వచ్చిన మార్పులను పరిశీలించారు. ఈ పద్ధతి ఆచరణలో సాధ్యమా అని చూడటమే దాని ఉద్దేశం. ఇది అందరికీ పనిచేస్తుందని తేల్చే అధ్యయనం కాదు.

మరి మొత్తంమీద ఫలితం ఏమిటి? కొన్ని చిన్న పరిశోధనల్లో నడక కొంత మెరుగైంది. కొన్నింటిలో తేడా కనిపించలేదు. అన్నింటినీ కలిపి పరిశీలించినప్పుడు స్వల్ప విద్యుత్ ప్రేరణ నడకకు స్థిరంగా మేలు చేస్తుందని రుజువు కాలేదు. కనుక "పది రోజుల్లో లేచి నడుస్తారు" అన్న మాటకు ఆధారం లేదు.

హెచ్చరిక: బ్యాటరీ, తీగలు కలిపి ఇంట్లో ఈ ప్రయోగం ఎప్పుడూ చేయకూడదు. చర్మం కాలిపోతుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారు, తలలో లోహపు క్లిప్పు వంటివి ఉన్నవారు, గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

14.6 నడకను కొలిచే సెన్సర్లు

చేతి గడియారమంత చిన్న పెట్టెను చీలమండకు కట్టుకుంటే అది నడకను నమోదు చేస్తుంది. అందులో ముఖ్యంగా రెండు భాగాలుంటాయి. ఒకటి వేగంలోని మార్పును కొలుస్తుంది. రెండవది కాలు ఎటు, ఎంత త్వరగా తిరుగుతున్నదో కొలుస్తుంది. బండి బయలుదేరినప్పుడు మనం వెనక్కి, బ్రేకు వేసినప్పుడు ముందుకు తూగుతాం కదా! ఆ తూగును బట్టి కళ్ళు మూసుకుని కూడా బండి ఏం చేస్తున్నదో చెప్పగలం. సెన్సరు లోపలి అతిచిన్న భాగం కూడా అలాగే తూగుతుంది. ఆ తూగును అంకెలుగా మారుస్తారు. మీ మొబైల్ ఫోనులో కూడా ఇటువంటిదే ఉంటుంది. చెప్పు అడుగున పెట్టే మరో రకం సెన్సర్లు పాదంలో ఏ భాగం మీద ఎంత బరువు పడుతున్నదో చెబుతాయి.

వీటివల్ల ఏం తెలుస్తుంది? మామూలు నడకలో ఒక్కొక్క పాదం సుమారు 60 శాతం కాలం నేలమీద, 40 శాతం కాలం గాలిలో ఉంటుంది. పక్షవాతం వచ్చినవారు బలహీనమైన కాలిమీద బరువు మోపటానికి భయపడతారు. అందువల్ల ఆ పాదం నేలమీద తక్కువసేపు, గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. బాగున్న కాలు హడావుడిగా దిగుతుంది. కంటికి "కుంటుతున్నారు" అని మాత్రమే కనబడే విషయాన్ని సెన్సరు అంకెల్లో చూపిస్తుంది. గత వారం కంటే ఈ వారం తేడా తగ్గిందో లేదో తెలుస్తుంది. ఇంటిదగ్గర రోజుకు నిజంగా ఎన్ని అడుగులు వేస్తున్నారో కూడా తెలుస్తుంది. "రోజూ నడుస్తూనే ఉన్నాను" అనే మాటకు, అసలు లెక్కకు మధ్య చాలా తేడా ఉండవచ్చు.

సెన్సరూ ప్రేరణా కలిసి పనిచేసిన తొలి ఉదాహరణల్లో ఒకటి 1961 నాటిది. అమెరికాలో వ్లాదిమిర్ లిబర్సన్ అనే వైద్యుడు చెప్పు మడమ కింద ఒక స్విచ్చి అమర్చాడు. మడమ నేలనుంచి లేవగానే స్విచ్చి పనిచేసి, మోకాలి కింద బయటివైపున్న నరానికి విద్యుత్తును పంపేది. దానితో పాదం ముందుభాగం పైకి లేచేది. మడమ నేలను తాకగానే విద్యుత్తు ఆగేది. కాలి వేళ్ళు నేలకు తగిలి పడిపోయే ప్రమాదం ఇలా తగ్గుతుంది. ఇది మెదడుకు కాదు, నరానికి ఇచ్చే ప్రేరణ. పాదం వేలాడేవారికి ఇటువంటి పరికరాలను ఇప్పటికీ వాడుతున్నారు. పాదాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ పట్టీ కూడా ఈ అవసరానికి ఉపయోగపడుతుంది. అది చాలా చవక.

పాఠ్యగత ప్రశ్నలు – 2
1. స్వల్ప విద్యుత్ ప్రేరణలో సాధారణంగా ఎంత విద్యుత్తు వాడతారు?
2. శరీరం తూగును, అడుగుల లయను సరిచూసే మెదడు భాగం ఏది?
3. మామూలు నడకలో ఒక్కొక్క పాదం సుమారు ఎంత శాతం కాలం నేలమీద ఉంటుంది?

14.7 పరికరమా, సాధనా? – నాలుగు పరిశోధనలు

ఏది ఎంత పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఒకరిద్దరి అనుభవం చాలదు. చాలామంది రోగులను లాటరీ పద్ధతిలో జట్లుగా విడదీసి పోల్చాలి. అలా చేసిన నాలుగు పరిశోధనలను చూద్దాం.

మొదటిది: 2010లో వెలువడింది. పలు దేశాల్లో పునరావాస చికిత్స పొందుతున్న 179 మంది పక్షవాత రోగులు రోజూ ఒకసారి 10 మీటర్లు నడిచారు. ఒక జట్టువారికి నడిచిన వెంటనే వారి వేగం ఎంతో చెప్పి ప్రోత్సహించారు. రెండవ జట్టువారికి చెప్పలేదు. ఇంటికి పంపే నాటికి మొదటి జట్టు వేగం సెకనుకు 0.91 మీటర్లు, రెండవ జట్టు వేగం 0.72 మీటర్లు. కావలసింది ఒక స్టాప్‌వాచి, ఒక మంచి మాట మాత్రమే!

రెండవది: 2015లో వెలువడింది. రోగుల రెండు చీలమండలకూ సెన్సర్లు కట్టారు. ఒక జట్టుకు నడక వేగం మాత్రం చెప్పారు. రెండవ జట్టుకు సెన్సర్లు నమోదు చేసిన రోజువారీ నడక వివరాలన్నీ చూపించారు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. సెన్సరు చక్కగా కొలిచింది. కానీ అంకెలు ఎక్కువైనంత మాత్రాన నడక ఎక్కువ కాలేదు.

మూడవది: 2011లో అమెరికాలో 408 మందితో జరిగింది. కొందరిని నడుముకు పట్టీలు కట్టి, బరువు తగ్గించి, కదిలే పట్టా యంత్రం మీద నడిపించారు. మరికొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి వెళ్ళి, క్రమంగా పెంచుతూ వ్యాయామం చేయించారు. ఏడాది తరువాత చూస్తే మొత్తం మీద 52 శాతం మంది నడక మెరుగైంది. యంత్రం మీద నడిచినవారికీ ఇంట్లో వ్యాయామం చేసినవారికీ ఫలితంలో తేడా లేదు.

నాలుగవది: మన దేశంలోనే జరిగింది. 14 ఆసుపత్రులు, 1250 మంది రోగులు. ఫలితాలు 2017లో వచ్చాయి. కుటుంబంలో ఒకరికి శిక్షణ ఇచ్చి, వారిచేత ఇంట్లో పునరావాసం చేయిస్తే మేలు జరుగుతుందా అని చూశారు. ఆరు నెలల తరువాత రెండు జట్లలోనూ 47 శాతం మంది చనిపోవటమో, ఇతరులమీద ఆధారపడటమో జరిగింది. తేడా రాలేదు. ఇంటివాళ్ళ ప్రేమ, శ్రమ అవసరమే. కానీ నేర్పు తెలిసిన ఫిజియోథెరపిస్టు స్థానాన్ని అవి భర్తీ చేయలేవు.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే మనకు ఒక సంగతి స్పష్టమవుతుంది. నడకను తిరిగి తెచ్చేది తగిన మార్గదర్శనంలో, రోజూ, క్రమంగా పెంచుతూ చేసే సాధన. ప్రేరణ ఆ సాధనకు తోడు కావచ్చు, కాకపోవచ్చు. కొలత ఆ సాధనకు ఉత్సాహాన్నిస్తుంది. ఏ పరికరమూ సాధనకు బదులు కాదు.

14.8 చేసి చూడండి: సుద్దముక్కతో నడక పరీక్ష

ఆసుపత్రుల్లో వాడే 10 మీటర్ల నడక పరీక్షను మనం కూడా చేయవచ్చు. అయితే రోగి నడవవచ్చునని డాక్టరు గానీ ఫిజియోథెరపిస్టు గానీ చెప్పిన తరువాతే చేయాలి.

1. చదునైన, జారని దారిలో 14 మీటర్లు కొలవండి. మొదటి 2 మీటర్ల దగ్గర ఒక గీత, 12 మీటర్ల దగ్గర మరొక గీత సుద్దముక్కతో గీయండి.
2. రోగి వెనుకపట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోవాలి. కర్ర వాడే అలవాటుంటే వాడాలి.
3. ఒకరు బలహీనమైన వైపున, కొంచెం వెనుకగా నడవాలి. పడబోతే నడుము దగ్గర పట్టుకోవాలి. బలహీనమైన చేతిని పట్టి లాగకూడదు. భుజం కీలు జారే ప్రమాదం ఉంది.
4. రోగి మొదటినుంచి చివరిదాకా నడవాలి. మొదటి గీత దాటినప్పుడు గడియారం మొదలుపెట్టి రెండవ గీత దాటినప్పుడు ఆపాలి.
5. 10ని సెకన్లతో భాగించండి. అదే సెకనుకు ఎన్ని మీటర్లు నడిచారన్న లెక్క.
6. తేదీ వేసి పుస్తకంలో రాయండి. ఆ అంకెను రోగికి చెప్పండి.

ఛాతీనొప్పి, ఆయాసం, తలతిరుగుడు అనిపిస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

వేగాన్ని బట్టి ఏం తెలుస్తుంది? 1995లో అమెరికాకు చెందిన జాక్వెలిన్ పెర్రీ, ఆమె సహచరులు చేసిన విభజన ఇది:
– సెకనుకు 0.4 మీటర్ల లోపు: ఇంటి వరకే నడక.
– 0.4 నుంచి 0.8 మీటర్లు: బయట కొంతవరకు నడక.
– 0.8 మీటర్లకు పైన: బయట తిరగగలిగే నడక.

ఈ అంకెలను ఖరగ్‌పూర్‌వాళ్ళకు తెలిసిన కొలతలోకి మార్చి చూద్దాం. ఖరగ్‌పూర్ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చేదాకా ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫారంగా దీనికి పేరుండేది. ఆగకుండా నడిస్తే సెకనుకు 0.4 మీటర్ల వేగంతో ఈ చివరినుంచి ఆ చివరికి దాదాపు 45 నిమిషాలు పడుతుంది. 0.8 మీటర్ల వేగంతో 22 నిమిషాలు పడుతుంది. ఆరోగ్యవంతుడు 1.2 మీటర్ల వేగంతో నడిస్తే 15 నిమిషాల్లో చేరుతాడు. అంకెలో చిన్న తేడా మనిషి తిరిగే ప్రపంచాన్ని ఎంత పెంచుతుందో చూశారా!

14.9 మళ్ళీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు

మన ఉదాహరణలోని కూతురు ఫిజియోథెరపిస్టును మూడు ప్రశ్నలు అడిగింది: "ఈ మిషను మా నాన్నగారిలాంటివాళ్ళ మీద పనిచేసిందని పరిశోధన ఉందా? దాంతోపాటు నడక సాధన కూడా చేయిస్తారా? అదే డబ్బుతో మీరు ఎన్ని రోజులు ఇంటికి వచ్చి చేయించగలరు?" మూడవ ప్రశ్నకు జవాబు విన్న తరువాత గొలుసు అమ్మే మాట ఇంట్లో రాలేదు. ఫిజియోథెరపిస్టు వారానికి మూడు రోజులు వచ్చేటట్లు, పాదానికి పట్టీ కొనేటట్లు నిర్ణయమైంది.

క్వార్టరు ముందు దారిలో మనవడు సుద్దగీతలు గీశాడు. మొదటి రోజు 10 మీటర్లకు 40 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 0.25 మీటర్లు. "తాతయ్యా, నలభై!" అని అరిచాడు మనవడు. ఫిట్టరుగా ఉద్యోగమంతా కొలతలతోనే గడిపిన ఆ పెద్దాయన, "గీత సరిగ్గా గీశావా? టేపు పెట్టి చూడు" అన్నారు. టేపు పెట్టి చూశారు. గీత సరిగ్గానే ఉంది. రెండు నెలలకు 25 సెకన్లకు వచ్చారు. గుడి ఇంకా దూరమే. కానీ లెక్క ఏ దారిన పోతున్నదో పుస్తకం చెబుతున్నది.

ఏ ఊళ్ళోనైనా, ఎవరైనా ఒక పరికరాన్ని అమ్మజూపినప్పుడు ఈ మూడు ప్రశ్నలూ మీరు కూడా అడగవచ్చు. ఆసుపత్రిలో పరిశోధనలో చేరమని అడిగితే, అది పరిశోధన అని స్పష్టంగా చెప్పారా, మీ రాతపూర్వక అంగీకారం తీసుకుంటున్నారా, మధ్యలో మానుకునే హక్కు మీకు ఉందా అని చూసుకోండి. ఇటువంటి పరిశోధనల వల్లనే రేపు మరింత మంచి చికిత్స వస్తుంది. తెలిసి చేరటం వేరు, ఆశపడి డబ్బు పోగొట్టుకోవటం వేరు.

14.10 మీరు నేర్చుకున్నది

– పక్షవాతంలో కాలి కండరాలు చెడిపోవు. మెదడు నుంచి ఆజ్ఞలు వచ్చే దారి తెగుతుంది.
– మొదటి నాలుగున్నర గంటలు ఎంతో విలువైనవి.
– వాడకం వల్ల మెదడులో కొత్త దారులు ఏర్పడతాయి. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది. తరువాత కూడా సాగుతుంది.
– అయస్కాంత ప్రేరణ, స్వల్ప విద్యుత్ ప్రేరణ అనేవి పుర్రె తెరవకుండా మెదడును ప్రభావితం చేసే పద్ధతులు. స్వల్ప విద్యుత్ ప్రేరణ నడకకు స్థిరంగా మేలు చేస్తుందని ఇంకా రుజువు కాలేదు.
– సెన్సర్లు నడకను అంకెల్లో చూపిస్తాయి. వేగాన్ని మాత్రం సుద్దముక్క, గడియారంతో ఇంటిదగ్గరే కొలవవచ్చు.
– ఫిజియోథెరపిస్టు మార్గదర్శనంలో రోజూ చేసే సాధనకు ఏ పరికరమూ బదులు కాదు.

14.11 పాఠాంత ప్రశ్నలు

1. సిగ్నలు తీగ ఉదాహరణతో పక్షవాతాన్ని మీ మాటల్లో వివరించండి.
2. స్వల్ప విద్యుత్ ప్రేరణను "విత్తనానికి ముందు నేల తడపటం"తో ఎందుకు పోల్చారు?
3. ఒక రోగి 10 మీటర్లను 12.5 సెకన్లలో నడిచాడు. అతని వేగం ఎంత?
4. ఒక రోగి మొదటి వారం 10 మీటర్లకు 50 సెకన్లు, ఐదవ వారం 20 సెకన్లు తీసుకున్నాడు. రెండు వేగాలనూ లెక్కకట్టి, అతడు పెర్రీ విభజనలో ఏ వర్గం నుంచి ఏ వర్గానికి మారాడో రాయండి.
5. మీ ఇంట్లో గానీ, ఇరుగుపొరుగున గానీ పక్షవాతం వచ్చినవారు ఉంటే, వారి సాధన ఎలా సాగుతున్నదో అడిగి తెలుసుకుని పది వాక్యాలు రాయండి.

14.12 జవాబులు

పాఠ్యగత ప్రశ్నలు – 1: (1) కుడివైపు. (2) నాలుగున్నర గంటల లోపల. (3) పదే పదే వాడటం వల్ల, అంటే సాధన వల్ల.

పాఠ్యగత ప్రశ్నలు – 2: (1) 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్లు. (2) చిన్నమెదడు. (3) 60 శాతం.

పాఠాంత ప్రశ్నల్లో లెక్కలు: (3) సెకనుకు 0.8 మీటర్లు. (4) 0.2 మీటర్లు, 0.5 మీటర్లు, ఇంటి వరకే నడక నుంచి బయట కొంతవరకు నడకకు మారాడు.